నెమ్ము చేసినప్పుడు జింకు, ఐరన్, కాల్షియం బిళ్ళలు: ఏది వేయాలి, ఏది ఆపాలి

(కనిగిరిలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, అంగన్‌వాడీ టీచర్లు, మందుల షాపుల వాళ్ళ కోసం ఏర్పాటైన అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కార్తీకం వచ్చిందంటే మన వైపు ముసురు, ఆ వెనకే మంచు. పిల్లలకి దగ్గులు, పెద్దవాళ్ళకి ఆయాసాలు మొదలయ్యే కాలమిది. ఇవాళ నేను మాట్లాడబోయేది ఒక్క విషయం మీద. ఊపిరితిత్తులకి ఇన్‌ఫెక్షన్ వచ్చి చికిత్స జరుగుతున్నప్పుడు జింకు, ఐరన్, కాల్షియం, మెగ్నీషియం లాంటి ఖనిజాల బిళ్ళలు కూడా వేయాలా, వద్దా? చీటీలో యాంటీబయాటిక్ కింద ఒక బలం బిళ్ళ ఉండటం మామూలైపోయింది. డాక్టరు రాయకపోతే అడిగి రాయించుకునేవాళ్ళున్నారు. షాపులో సొంతంగా కొనుక్కునేవాళ్ళు ఇంకా ఎక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నెమ్ము, అంటే న్యుమోనియా, తగ్గించేవి యాంటీబయాటిక్, అవసరమైతే ఆక్సిజన్, కడుపులోకి పోయే పాలూ తిండీ. ఖనిజాల బిళ్ళ ఆ పని చేయలేదు. కొన్ని సందర్భాల్లో వేసినా నష్టం లేదు, కొన్ని సందర్భాల్లో తప్పకుండా వేయాలి, మరికొన్ని సందర్భాల్లో అదే అసలు మందుని కడుపులో అడ్డుకుంటుంది. ఈ మూడిట్లో మన ముందున్నది ఏదో తెలిస్తే చాలు.

పిల్లల దగ్గర మొదలుపెడతాను. దగ్గు, జలుబు ఉన్న బిడ్డని చూడగానే ఏ బిళ్ళ వేయాలా అని ఆలోచించకండి, ముందు ఊపిరి లెక్కపెట్టండి. చొక్కా పైకెత్తండి. బిడ్డ ఏడవకూడదు, పాలు తాగుతూ ఉండకూడదు. తల్లి ఒళ్ళో కుదురుగా ఉన్నప్పుడు పొట్ట, ఛాతీ పైకి లేచి దిగడాన్ని గడియారం చూసుకుంటూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించడం పనికిరాదు. చంటిబిడ్డల ఊపిరి కాసేపు గబగబా, కాసేపు నిదానంగా నడుస్తుంది కాబట్టి ఆ లెక్క తప్పుతుంది. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40. అంతకి చేరినా, దాటినా వేగంగా ఊపిరి తీస్తున్నట్టే. ఇక డొక్కలు ఎగరేయడం అంటాం కదా, అది కూడా సరిగ్గా చూడాలి. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంట పడాలి. ఉత్తినే పొట్ట కదలడం కాదు.

పాలు తాగలేకపోవడం, తిన్నదంతా కక్కేయడం, ఫిట్స్, మత్తుగా పడి ఉండటం, కుదురుగా ఉన్నప్పుడు కూడా పీల్చేటప్పుడు గొంతులో గర్‌మని శబ్దం రావడం, వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ 90 కంటే తక్కువ చూపించడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయాల్సిందే. రెండు నెలల లోపు బిడ్డకయితే వేగంగా ఊపిరి ఒక్కటి చాలు, ఇంట్లో పెట్టుకోవడానికి లేదు.

ఈ ప్రమాద లక్షణాలు లేకుండా, వేగంగా ఊపిరి లేదా డొక్కలు ఎగరేయడం ఉన్న రెండు నెలలు దాటిన పిల్లలకి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం నీళ్ళలో కరిగే 250 మి.గ్రా. బిళ్ళ 4 కిలోల నుంచి 10 కిలోల లోపు పిల్లలకి పూటకి ఒకటి, 10 నుంచి 14 కిలోల లోపు పూటకి రెండు, 14 నుంచి 19 కిలోల దాకా పూటకి మూడు. ఉదయం, సాయంత్రం రెండు పూటలు, 5 రోజులు. ఎన్ని బిళ్ళలన్నది మీ పీహెచ్‌సీ డాక్టరు గారో, సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) గారో నిర్ణయిస్తారు. మీరు చూడాల్సింది, ఆ 5 రోజులూ పూర్తిగా పడ్డాయా అని. పొడి సిరప్ ఇస్తే సీసా మీద గీత దాకా కాచి చల్లార్చిన నీళ్ళు పోసి బాగా గిలక్కొట్టాలి. నీళ్ళు గీత దాటితే మందు పలచనవుతుంది, తగ్గితే చిక్కనవుతుంది. ఇంట్లో చెంచాలన్నీ ఒక సైజు ఉండవు కాబట్టి మూతతో గానీ, డ్రాపర్‌తో గానీ కొలవమని చెప్పండి. కలిపిన సీసాని దాని మీద రాసినన్ని రోజులే, మామూలుగా 7 రోజులు, వాడాలి. మిగిలింది అటక మీద పెట్టి వచ్చే నెల దగ్గుకి వాడటం మానిపించండి. రెండో రోజుకల్లా, అంటే 48 గంటల్లో, ఊపిరి వేగం తగ్గాలి. తగ్గకపోతే మళ్ళీ చూపించాలి. ఆ సమయంలో కొత్త టానిక్ కొనుక్కుని ఇంకో రెండు రోజులు చూడటం, అదే పిల్లల ప్రాణం మీదికి తెచ్చేది.

ఇక జింకు సంగతి. దీని మీద చాలా ఆశలున్నాయి, కారణం కూడా ఉంది. రోగనిరోధక కణాలు తయారవడానికి, ఊపిరితిత్తుల లోపలి పొర మరమ్మతుకి జింకు కావాలి. రోజూ అన్నం, పలచటి చారుతో గడిచే పిల్లల్లో అది తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. అందుకని న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన పిల్లలకి యాంటీబయాటిక్‌తో పాటు జింకు ఇచ్చి చూశారు. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ఆసుపత్రిలో రెండు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లలు 270 మందిలో, రోజుకి 20 మి.గ్రా. జింకు పడినవాళ్ళు సుమారు ఒక రోజు ముందు కోలుకున్నారు. 2004లో ఆ ఫలితం వచ్చినప్పుడు అందరూ సంతోషించారు.

తర్వాత మన పక్కనే ఉన్న వేలూరులో 299 మంది పిల్లల మీద చూస్తే, 2006లో వచ్చిన ఆ ఫలితంలో మొత్తం మీద ఏ లాభమూ కనపడలేదు. పైగా ఎండాకాలంలో చేరిన పిల్లల్లో జింకు తీసుకున్నవాళ్ళకే జబ్బు ఎక్కువ రోజులు పట్టింది. నేపాల్‌లో 2,600 మందికి పైగా పిల్లల్లో చూశారు. చికిత్స విఫలమవడం తగ్గలేదు, కోలుకునే సమయం తగ్గలేదు, వాంతులు మాత్రం జింకు వైపు ఎక్కువ. ఉగాండాలో ఫలితం వేరు. కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో తీవ్రమైన న్యుమోనియా ఉన్న 352 మందిలో కోలుకునే సమయం మారలేదు గానీ చావులు తగ్గాయి. జింకు ఇచ్చిన 176 మందిలో 7, ఇవ్వని 176 మందిలో 21. అయితే ఆ తేడా ఎక్కువగా హెచ్‌ఐవీ ఉన్న పిల్లల్లో కనపడింది.

వీటన్నిటినీ ఒక చోట పెట్టి చూస్తే ఏం తేలుతుంది? న్యుమోనియా చికిత్సలో ప్రతి బిడ్డకీ జింకు ఇవ్వమని చెప్పడానికి ఆధారం సరిపోదు. అందుకే అమాక్సిసిలిన్ పక్కన జింకుని ప్రామాణిక చికిత్సలో చేర్చలేదు. వేరే ప్రశ్న ఒకటుంది. జబ్బు రాకముందు, ఆరోగ్యంగా ఉన్నప్పుడే, మూడు నెలలో అంతకన్నా ఎక్కువో రోజూ జింకు ఇస్తే నెమ్ము రావడం తగ్గుతుందా? జింకు తక్కువగా ఉండే ప్రాంతాల పరిశోధనలన్నీ కలిపితే 13 శాతం దాకా తగ్గింది. అంటే జింకు ముందునుంచీ ఒంట్లో ఉండటం మేలు. జబ్బు పడ్డాక అయిదు రోజులు హడావిడిగా వేస్తే ఆ మేలు రాదు. ఆ ముందునుంచీ ఉండటమనేది తిండితో జరిగే పని. గుడ్డు, మాంసం, నువ్వులు, వేరుశెనగ పప్పు, సజ్జలు, పప్పు దినుసులు. మన మెట్ట ప్రాంతంలో సజ్జ సంకటి, నువ్వుల ఉండ కొత్తగా నేర్చుకోవాల్సినవి కాదు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, బాలామృతం ఇంటికి వెళ్ళాక ఆ బిడ్డే తింటోందా, ఇంట్లో అందరూ పంచుకుంటున్నారా అన్నది అంగన్‌వాడీ టీచర్లు గమనించాలి.

ఒక మాట మందుల షాపుల వాళ్ళకి. కొందరు జ్వరంలో ఉండగానే రక్తంలో జింకు పరీక్ష చేయించుకుని, తక్కువ ఉందని బిళ్ళల కోసం వస్తారు. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు శరీరం తనంతట తానే జింకుని రక్తంలోంచి కాలేయంలోకి లాగేసుకుంటుంది. సూక్ష్మజీవులకి దొరక్కుండా ఐరన్‌ని కూడా అలాగే లోపల దాస్తుంది. కాబట్టి జ్వరంలో తీసిన జింకు, ఐరన్ లెక్కలు తక్కువగా కనపడతాయి. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చూపించే ఫెరిటిన్ పరీక్ష అయితే తలకిందులుగా, లేని నిల్వ ఉన్నట్టు ఎక్కువ చూపిస్తుంది. ఆ కాగితాలు చూసి లోటుందనీ, లోటు లేదనీ చెప్పడానికి లేదు. తగ్గాక రెండు మూడు వారాలు ఆగి చేయించుకుంటే అర్థముంటుంది.

మరి జింకు తప్పకుండా వేయాల్సింది ఎప్పుడు? నెమ్ముతో పాటు విరేచనాలు కూడా ఉన్నప్పుడు. ఇది చాలామంది మర్చిపోతున్నారు. దగ్గు హడావిడిలో పడి బిడ్డకి నీళ్ళ విరేచనాలు అవుతున్న సంగతి వదిలేస్తారు, లేదా యాంటీబయాటిక్ వేడి చేసిందనుకుని ఆ మందే ఆపేస్తారు. రెండూ తప్పే. అమాక్సిసిలిన్ కొనసాగాలి, ఓఆర్‌ఎస్ పట్టాలి, జింకు వేయాలి. రెండు నెలల నుంచి ఆరు నెలల లోపు రోజుకి 10 మి.గ్రా., అంటే 20 మి.గ్రా. బిళ్ళ ఒకదానిలో సగం. ఆరు నెలలు దాటితే రోజుకి 20 మి.గ్రా., ఒక బిళ్ళ. 14 రోజులు. విరేచనాలు మూడో రోజుకే ఆగినా 14 రోజులూ వేయాలి. పాలు తాగే పసిబిడ్డకి చెంచాలో తల్లి పాలు పిండి, అందులో బిళ్ళ వేస్తే కాసేపట్లో దానంతటదే విరిగి కరుగుతుంది. నలపక్కర్లేదు. పెద్ద పిల్లలకి కాచి చల్లార్చిన నీళ్ళలో వేయండి. చెంచా అడుగున తెల్లటి పొడి మిగిలితే ఇంకొంచెం పాలో నీళ్ళో పోసి అది కూడా పట్టించండి, మందు అక్కడే ఉంటుంది. అర గంటలోపు కక్కితే ఇంకోసారి ఇవ్వచ్చు. లోహపు రుచి వల్ల మొదటి రెండు రోజులు ఉమ్మేస్తారు. అమాక్సిసిలిన్‌కీ జింకుకీ చెప్పుకోదగ్గ తగాదా లేదు గానీ, రెండూ ఒకేసారి పట్టిస్తే కక్కినప్పుడు రెండూ పోతాయి, అందుకని ఒక అర గంట ఎడం పెట్టడం మంచిది.

బాగా చిక్కిపోయిన పిల్లలు, చేతి చుట్టుకొలత టేపులో ఎరుపు చూపించేవాళ్ళు, వాళ్ళ లెక్క వేరు. వాళ్ళని పంపాల్సింది ఎన్‌ఆర్‌సీకి, అంటే పోషకాహార పునరావాస కేంద్రానికి. అక్కడ ఇచ్చే పాలలో, పేస్టులో జింకు, పొటాషియం, మెగ్నీషియం అన్నీ ముందే కలిపి ఉంటాయి. మీరు వేరే సిరప్‌లు జోడించకండి.

తట్టు వచ్చి దాని వెనక నెమ్ము చేసిన బిడ్డకి విటమిన్ ఎ మాత్రం తప్పనిసరి, అది ఖనిజం కాకపోయినా ఇక్కడే చెప్పేస్తున్నా. ఆరు నెలల లోపు 50 వేలు, ఆరు నుంచి పదకొండు నెలలకి లక్ష, ఏడాది దాటితే 2 లక్షల యూనిట్లు, వరసగా రెండు రోజులు.

ఇప్పుడు ఐరన్. ఆశా కార్యకర్తల చేతిలో ఉండే సీసా ఇది. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకి వారానికి రెండు సార్లు ఒక మిల్లీలీటరు వేస్తున్నారు, అందులో 20 మి.గ్రా. ఐరన్, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. జ్వరం, న్యుమోనియా, విరేచనాలు లాంటి జబ్బులు ఉన్నప్పుడు ఈ మందు ఆపాలని రక్తహీనత నివారణకి కేంద్రం నడిపే అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాల్లోనే ఉంది. కారణం ఇందాక చెప్పిందే. సూక్ష్మజీవులు పెరగడానికి ఐరన్ కావాలి, శరీరం దాన్ని దాచే పనిలో ఉంటుంది, కాలేయం నుంచి హెప్సిడిన్ అనే హార్మోన్ విడుదలై పేగులోనే ఐరన్‌కి దారి మూసేస్తుంది. ఆ సమయంలో వేసింది ఒంటికి పట్టదు, కడుపులో తిప్పడం, నల్లటి విరేచనం మాత్రం మిగులుతాయి. బిడ్డ తేరుకుని మామూలుగా తింటున్నప్పుడు మళ్ళీ మొదలుపెట్టండి. రిజిస్టర్‌లో ఆ వారం ఖాళీగా ఉంటుందని భయపడి వేయద్దు. జబ్బు వల్ల ఆపామని అక్కడే రాసేయండి. మళ్ళీ మొదలుపెట్టే తేదీ కూడా పక్కన రాసుకోకపోతే, ఆపింది ఆపినట్టే ఉండిపోతుంది. నెమ్ము తగ్గిన పిల్లల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. గర్భిణులకి నెమ్ము చేస్తే రోజూ వేసే ఐరన్ ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, మీరుగా ఆపించకండి.

పెద్దవాళ్ళ విషయానికి వస్తాను. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే మన ప్రాంతంలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. మోకాళ్ళు, నడుము పట్టేసి ఏళ్ళ తరబడి కాల్షియం బిళ్ళలు వాడేవాళ్ళు చాలా ఇళ్ళల్లో ఉంటారు. నొప్పి బిళ్ళలకి కడుపులో మంట, ఆ మంటకి గులాబీ రంగు సిరప్ వాడతారు. ఆ సిరప్‌లో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. ఆడవాళ్ళకయితే ఐరన్ కూడా. ఇలాంటి మనిషికి దగ్గు, జ్వరం, గల్ల పడి డాక్టరు యాంటీబయాటిక్‌గా లివోఫ్లాక్సాసినో, సిప్రోఫ్లాక్సాసినో, డాక్సీసైక్లినో రాశారనుకోండి. ఇంటికెళ్ళి ఏం చేస్తారు? టిఫిన్ తినగానే అన్ని బిళ్ళలూ అరచేతిలో పోసుకుని ఒకే గుక్కలో మింగేస్తారు.

అప్పుడు కడుపులో ఏం జరుగుతుందంటే, కాల్షియం, ఐరన్, జింకు, మెగ్నీషియం, అల్యూమినియం ఈ మందుల అణువులకి కొక్కెం తగిలించుకున్నట్టు పట్టుకుంటాయి. అలా పట్టుకున్న ముద్ద పేగు గోడ దాటి రక్తంలోకి పోలేదు, విరేచనంలో బయటికి పోతుంది. సిప్రోఫ్లాక్సాసిన్‌కి కొద్ది నిమిషాల ముందు అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ (కడుపు మంట సిరప్) తాగితే రక్తంలో చేరాల్సిన మందు 85 శాతం దాకా తగ్గిపోయిందని పరీక్షల్లో తేలింది. రోగి మందు వేసుకుంటూనే ఉంటాడు, జ్వరం తగ్గదు. మందు పనిచేయడం లేదనుకుని డాక్టరు ఇంకా పెద్ద మందుకి వెళ్తారు. అరకొర మందు తగిలిన సూక్ష్మజీవి దానికి అలవాటు పడుతుంది.

ఎడం ఎంత ఉండాలో రాసుకోండి. లివోఫ్లాక్సాసిన్‌ని ఈ ఖనిజాల బిళ్ళలకి కనీసం 2 గంటల ముందు గానీ, 2 గంటల తర్వాత గానీ వేసుకోవాలి. సిప్రోఫ్లాక్సాసిన్‌ని ఖనిజాల బిళ్ళలకి 2 గంటల ముందు, లేకపోతే వాటికి 6 గంటల తర్వాత. మాక్సీఫ్లాక్సాసిన్‌ని వాటికి 4 గంటల ముందు, లేకపోతే 8 గంటల తర్వాత. డాక్సీసైక్లిన్‌కి అటూ ఇటూ 3 గంటలు పెట్టుకోండి. ఇన్ని లెక్కలు గుర్తుండకపోతే యాంటీబయాటిక్‌ని ముందుగా, ఖనిజాన్ని చాలాసేపటి తర్వాత అని గుర్తుపెట్టుకోండి. రోజుకి ఒకసారి వేసే లివోఫ్లాక్సాసిన్ గానీ, మాక్సీఫ్లాక్సాసిన్ గానీ అయితే పొద్దున 7కి మందు, మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనంతో కాల్షియం. డాక్సీసైక్లిన్ 8కీ 8కీ అయితే కాల్షియం మధ్యాహ్నం 2కి.

డాక్సీసైక్లిన్‌తో ఐరన్ అయితే ఎడం పెట్టినా పూర్తిగా సర్దుకోదు. ఆ మందు రక్తంలోంచి తిరిగి పేగులోకి వస్తూ పోతూ ఉంటుంది. అక్కడ ఐరన్ ఉంటే మళ్ళీ పట్టేసుకుంటుంది. పొలాల్లో, పొదల్లో ఉండే చిన్న పురుగులు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరంలో ఊపిరితిత్తులు కూడా దెబ్బతింటాయి, దానికి అసలు మందు డాక్సీసైక్లినే. పొలం నుంచి వచ్చిన మనిషికి జ్వరం, దగ్గు, చంకలోనో గజ్జల్లోనో నడుము దగ్గరో నల్లటి చెక్కు కట్టిన పుండు ఉంటే ఆ మందు ఒక్క పూట కూడా వృథా కాకూడదు. ఆ వారం రోజులు ఐరన్ ఆపడమే నయం. డాక్సీసైక్లిన్‌ని నిండా గ్లాసు నీళ్ళతో, కూర్చుని వేసుకోవాలి. వేసుకోగానే పడుకుంటే అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది.

నిజానికి నన్నడిగితే ఇన్ని గడియారాల లెక్కలకన్నా, బలానికి వాడే బిళ్ళలన్నీ యాంటీబయాటిక్ కోర్సు అయ్యేదాకా పక్కన పెట్టేయడం తేలిక. వారం రోజులు కాల్షియం వేసుకోకపోతే ఎముకలకి ఏమీ కాదు. కానీ కొందరి విషయంలో ఆపకూడదు. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత కాల్షియం మీద ఆధారపడ్డవాళ్ళు, డయాలసిస్ మీద ఉండి భోజనంతో కాల్షియం వేసుకునేవాళ్ళు, గర్భిణులు. వీళ్ళకి డాక్టరు చెప్పకుండా ఏదీ ఆపించద్దు, మార్పించద్దు.

క్షయ విషయం. రెండు వారాలకి మించి దగ్గు ఉన్న మనిషికి గల్ల పరీక్ష కాకుండా లివోఫ్లాక్సాసిన్ లాంటి మందు ఇవ్వకండి, ఇప్పించకండి. అవి క్షయ సూక్ష్మజీవి మీద కూడా కొంత పనిచేస్తాయి. పది రోజులు తేలిగ్గా అనిపిస్తుంది, పరీక్షలో జబ్బు దొరక్కుండా పోతుంది, లోపల ముదురుతుంది. మందులకి లొంగని క్షయకి ఇచ్చే కోర్సుల్లో లివోఫ్లాక్సాసినో, మాక్సీఫ్లాక్సాసినో నెలల తరబడి ఉంటుంది కాబట్టి ఇందాకటి ఎడం ఆ రోగికి నెలల తరబడి పాటించాల్సిన నియమం. అలాంటి క్షయకే ఇచ్చే బెడాక్విలిన్ అనే మందు వాడేవాళ్ళకి రక్తంలో పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం చూస్తారు. అవి పడిపోతే గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది కనక తక్కువైన దాన్ని సరిచేస్తారు. చూశారా, ఖనిజానికి ఇక్కడ నిజమైన పని ఉంది. కొలిచి, లోటు తెలుసుకుని, డాక్టరు ఇస్తున్నారు. మామూలు క్షయకయితే జింకు కలపడం వల్ల జబ్బు తొందరగా తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదు. క్షయ మందులతో ఇచ్చే చిన్న పిరిడాక్సిన్ బిళ్ళ మాత్రం ఖనిజం కాదు. ఐసోనియాజిడ్ అనే క్షయ మందు వల్ల నరాలు దెబ్బతినకుండా ఇచ్చే విటమిన్ అది. ఇది కూడా బలం బిళ్ళే కదా అని ఆపేస్తే అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు వస్తాయి.

తిండి ఎంత పనిచేస్తుందో జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అధ్యయనం చూపించింది. 2023లో ఫలితాలు వచ్చాయి. క్షయ రోగుల ఇళ్ళకి నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, విటమిన్లు ఇచ్చారు. ఇంట్లో మిగతావాళ్ళకి బియ్యం, పప్పుతో పాటు సూక్ష్మపోషకాలు ఇస్తే, వాళ్ళకి క్షయ రావడం 39 శాతం తగ్గింది. రోగుల్లో మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్ళకి చావు ముప్పు బాగా తగ్గింది. కాబట్టి బరువు తూచండి. క్షయ రోగుల తిండి కోసం ప్రభుత్వం పెట్టిన నిక్షయ్ పోషణ్ పథకం కింద 2024 నవంబరు నుంచి నెలకి 1,000 రూపాయలు వస్తున్నాయి. ఆ డబ్బు గుడ్లకీ, పప్పుకీ, పల్లీలకీ పోవాలి. టానిక్ సీసాకి పోతే మనిషి బరువు పెరగడు.

చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, మార్కాపురం పలకల పని, అటు గూడూరు సైదాపురం మైకా గనుల వైపు పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తుల్లో చేరేది కూడా ఖనిజమే, సిలికా దుమ్ము. అది మచ్చలు కట్టిస్తుంది, క్షయ ముప్పుని పెంచుతుంది. ఏ బిళ్ళా, ఏ బెల్లం ముక్కా ఆ దుమ్ముని కడిగేయలేదు. నీళ్ళు చల్లుతూ కోయడం, సరైన మాస్కు, ఏటా ఎక్స్‌రే. దగ్గున్న పని మనిషిని చూస్తే ఏం పని చేస్తావని అడగండి, ఆ ఒక్క ప్రశ్న చాలాసార్లు ఎవరూ అడగరు.

బిళ్ళ అట్ట చదవడం కూడా నేర్చుకోవాలి. జింకు సల్ఫేట్ మోనోహైడ్రేట్ 55 మి.గ్రా. అని ఉంటే అందులో అసలు జింకు 20 మి.గ్రా. మాత్రమే. డోసు లెక్క ఎప్పుడూ ఆ అసలు జింకుకే. పెద్దవాళ్ళకి రోజుకి 40 మి.గ్రా. పైమితి, అదీ తిండిలో వచ్చేదంతా కలుపుకుని. కోవిడ్ రోజుల నుంచి 50 మి.గ్రా. బిళ్ళలు వాడుతూ అలాగే కొనసాగిస్తున్నవాళ్ళున్నారు. అమెరికాలో 214 మంది కోవిడ్ రోగుల మీద 50 మి.గ్రా. జింకు, ఎక్కువ మోతాదు విటమిన్ సి ఇచ్చి చూస్తే లక్షణాలు తొందరగా తగ్గలేదు, ఫలితం రాదని మధ్యలోనే ఆపేశారు. నెలల తరబడి ఎక్కువ జింకు వేసుకుంటే పేగులో రాగి ఒంటికి పట్టదు. రాగి తగ్గితే రక్తహీనత, తెల్ల కణాలు పడిపోవడం, కాళ్ళ తిమ్మిర్లు. ఆ రక్తహీనత ఐరన్ వేసినా తగ్గదు.

ఇక మీ ప్రశ్నలు.

(పాలతో మందు వేయచ్చా అని ఒక ఏఎన్‌ఎం అడిగారు.)

అమాక్సిసిలిన్ పాలతో వేయచ్చమ్మా, ఇబ్బంది లేదు. సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రం పాలతో, పెరుగుతో వద్దు, వాటిలోని కాల్షియం అడ్డుపడుతుంది. డాక్సీసైక్లిన్ కూడా నీళ్ళతోనే మంచిది. కడుపులో తిప్పుతుంటే ఇడ్లీ తిని వేసుకోమనండి.

(నెమ్ము తగ్గిన బిడ్డ తినడం లేదు, ఆకలికి జింకు సిరప్ వేయమని అమ్మలు అడుగుతున్నారని ఒక అంగన్‌వాడీ టీచర్ అన్నారు.)

ఇన్‌ఫెక్షన్ పూర్తిగా దిగితే ఆకలి దానంతటదే వస్తుందండీ. వారం గడిచినా రాకపోతే సిరప్ కన్నా ముందు మళ్ళీ ఊపిరి లెక్కపెట్టాలి, బరువు చూడాలి, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందేమో అడగాలి. ఈ లోపల కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టమనండి. తగ్గాక కనీసం రెండు వారాలు రోజుకి ఒక పూట అదనంగా. మెత్తటి పప్పన్నంలో చెంచా నెయ్యి, గుడ్డు. ముక్కు దిబ్బడ ఉంటే తినే ముందు ఉప్పు నీటి చుక్కలు వేయండి, ముక్కు మూసుకుపోయిన బిడ్డ మింగలేదు. నెమ్ము టీకా, అదే పీసీవీ, ఆరు వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలలకి పడిందో లేదో కార్డులో చూడండి.

(డాక్సీసైక్లిన్, ఐరన్, కాల్షియం మూడూ ఒకే చీటీలో వస్తే మేమేం చేయాలని ఒక మందుల షాపు ఆయన అడిగారు.)

ముందు డాక్టరు గారికి ఫోన్ చేయండి. ఈ వారం ఐరన్, కాల్షియం ఆపమంటారా, టైములు మార్చమంటారా అని అడిగితే ఎవరూ కోప్పడరు. ఆయన దొరక్కపోతే మూడిటినీ ఒకే కవర్లో వేసి ఇవ్వకండి. డాక్సీసైక్లిన్ ఒక కవర్, దాని మీద పొద్దున 8, రాత్రి 8. కాల్షియం ఇంకో కవర్, దాని మీద మధ్యాహ్నం 2. ఐరన్ సంగతి డాక్టరుని అడిగి చెప్తామని ఆ పూటకి ఆపండి. చదువు రాకపోతే ఇంట్లో చదివేవాళ్ళని పిలిచి చెప్పండి. చీటీలో లేనివి కూడా ఇంట్లో ఉంటాయి కాబట్టి ఇప్పటికే ఏమేం వాడుతున్నావమ్మా అని అడగండి. గ్యాస్ సిరప్ సంగతి పేరు పెట్టి అడగాలి, దాన్ని మందు కింద లెక్కపెట్టరు. థైరాయిడ్ బిళ్ళ వాడుతున్నానంటే అది కూడా కాల్షియం, ఐరన్‌లకి 4 గంటల దూరంలో ఉండాలని అదే కవర్ మీద రాసేయండి.